సెయింట్ లూసియాలో తెరచాప పడవకు లంగరు వేయడం గురించి

ప్రశ్న (హనుమకొండ నుంచి):
వచ్చే జనవరిలో మేము నలుగురు స్నేహితులం కరీబియన్ ద్వీపమైన సెయింట్ లూసియాలో తెరచాప పడవను అద్దెకు తీసుకొని, రాడ్నీ బే నుంచి సూఫ్రియేర్ దాకా పడమటి తీరం వెంట వెళ్లాలనుకుంటున్నాము. శిక్షణ పొందాము గానీ, లంగరు వేసి రాత్రంతా పడవలోనే నిద్రించిన అనుభవం మాకు లేదు. చిన్నప్పుడు పాకాల చెరువులో జాలరులు మోకుకు రాయి కట్టి తెప్పను నిలపడం చూశాను. లంగరు ఎంత బరువుంటే పడవ అంత గట్టిగా నిలుస్తుందన్నది నిజమేనా?

జవాబు (మంచిర్యాల వాసి, ప్రస్తుతం విదేశంలో):
తమ్ముడూ, చెరువులో రాయి తన బరువుతో తెప్పను ఆపుతుంది. సముద్రంలో లంగరు ఇసుకలోకి దిగబడి పడవను ఆపుతుంది. లాగుడు నేలబారుగా ఉన్నంతవరకే అది దిగబడి ఉంటుంది, గొలుసు పొట్టిదైతే మొన పైకి లేచి ఊడివస్తుంది. అందుకే నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తును కూడా కలిపి, దానికి కనీసం ఐదింతల గొలుసు వదలాలి. లోతు 5 మీటర్లు, ముక్కు ఎత్తు 1 మీటరు అయితే 30 మీటర్లు కావాలి. ఎక్కువ భాగం మోకే అయితే ఏడింతలు, అంటే 42 మీటర్లు.

సముద్రపు గడ్డి మీద లంగరు జారిపోతుంది కనుక, లేత రంగులో కనిపించే ఇసుక చూసి వేయండి. గాలికి ఎదురుగా నిలిచి లంగరు దించి, వెనక్కి జరుగుతూ గొలుసు వదిలి, చివరకు ఇంజన్‌ను రివర్స్‌లో పెట్టి లాగండి. అప్పుడు గొలుసు మీద అరచేయి ఆనించండి: లంగరు పట్టుకుంటే గొలుసు బిగుసుకొని కదలకుండా ఉంటుంది, జారుతుంటే గరగరమనే అదురు చేతికి తెలుస్తుంది. మొదటి ఏడాది నేను పక్క పడవకు తగులుతామన్న భయంతో గొలుసు తక్కువ వదిలి పడుకున్నాను. అర్ధరాత్రి లేచి చూస్తే, ఎదురుగా ఉండవలసిన ఒడ్డు దీపం పక్కకు వెళ్లిపోయి ఉంది. ఆనాటి నుంచి ఒడ్డు మీద రెండు గుర్తులు చూసుకోకుండా నేను పడుకోలేదు.

జవాబు (ములుగు నుంచి):
అన్నగారు చెప్పినదంతా రాడ్నీ బేకు సరిపోతుంది. సూఫ్రియేర్ దగ్గర పగడపు దిబ్బలను కాపాడేందుకు సముద్ర రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. అక్కడ లంగరు వేయకుండా, రుసుము చెల్లించి మూరింగ్ బోయాలకే, అంటే పడవలు కట్టుకోవడానికి సముద్రం అడుగుకు తాడుతో బిగించిన తేలే బుడ్డలకే, కట్టుకోవాలి. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పిటన్ శిఖరాల పాదాల దగ్గర నేల ఒక్కసారిగా లోతుకు పడిపోతుంది, పైగా కొండల మీది నుంచి గాలి ఉన్నట్టుండి విసురుగా దిగుతుంది. మీ తాడు ఒక కొసను పడవకు కట్టి, రెండో కొసను బోయా తాడు చివరి కంటిలోంచి (ఉచ్చులోంచి) దూర్చి మళ్లీ పడవకే తెచ్చి కట్టండి, విప్పేటప్పుడు సులువవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. బోయా కింది తాడు గట్టిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు (ములుగు నుంచి):
ముఖానికి ఈత అద్దాలు పెట్టుకొని వెలుతురు ఉండగానే నీళ్లలోకి దిగి చూడండి. తాడు పోగులు తెగినా, సంకెల అరిగినా మరో బోయాకు మారండి. చీకటి పడ్డాక చేరుకుంటే ఆ అవకాశం ఉండదు కనుక, మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడ ఉండేలా బయలుదేరండి.