కాటా సర్వర్ బూట్ కావట్లేదు: తప్పు రెయిడ్ కార్డుదా, మనదా?

కాటా రూమ్ (చిత్తూరు), ఉదయం 6:50
చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా, అకౌంట్లు నేనే చూస్తాను. రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకునేలోపు యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. పొద్దున సర్వర్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద 'నో బూట్ డివైస్ అవైలబుల్' అని వచ్చి అక్కడే ఆగిపోతోంది. పాత టవర్ సర్వర్, డిస్కులన్నిటినీ కలిపి ఒకే వాల్యూమ్‌గా చూపించే రెయిడ్ కార్డు, 2 టీబీ డిస్కులు నాలుగు, ఒక డిస్కు పోయినా డేటా నిలిచే రెయిడ్ 5 పద్ధతి, ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్. డిస్కుల లైట్లు పచ్చగానే ఉన్నాయి. కార్డు మెనూలో వాల్యూమ్ 'ఆప్టిమల్' అంటోంది. బయట తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి, చీటీలు చేత్తో రాస్తున్నాం. ఏం నొక్కాలో, ఏం నొక్కకూడదో చెప్పండి.

మదనపల్లె మబ్బు, 7:02
'ఫారిన్ కాన్ఫిగ్' (డిస్కుల మీద ఉన్న అమరికను కార్డు తనది కాదనుకోవడం) అని ఏమైనా అడిగితే క్లియర్ మాత్రం కొట్టొద్దన్నా.

రెయిడ్ వైరాగి (చిత్తూరు), 7:15
పదేళ్లుగా మొత్తుకుంటున్నాను, చిన్న ఆఫీసులకు హార్డ్‌వేర్ రెయిడ్ (కార్డుతో నడిచేది) వద్దు అని. కార్డు పోతే అదే రకం కార్డు కావాలి. చిత్తూరులో దొరకదు, తిరుపతిలో దొరకదు, చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాతది ఎవరి దగ్గరైనా ఉంటే అదృష్టం. ఎండీఎడీఎం (లినక్స్‌లో కార్డు లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ రెయిడ్) అయితే డిస్కులు పీకి ఏ డబ్బా పీసీకి తగిలించినా యారే, అంటే ఆ డిస్కుల గుంపు, లేస్తుంది. పైగా రెయిడ్ 5! 12.5 టీబీ చదివితే ఒకసారి చదవలేని తప్పు రావచ్చని మామూలు డిస్కుల స్పెక్ షీట్‌లోనే ఉంటుంది. పోయిన డిస్కు బదులు కొత్తది పెట్టి డేటా మళ్లీ నింపే రీబిల్డ్ మధ్యలో అది వచ్చిందంటే డేటా పోవచ్చు.

తాతయ్యగుంట సర్వీస్ (తిరుపతి), 7:31
వైరాగిగారూ, ఆయన ఇల్లు కాలుతుంటే మీరు వాస్తు చెబుతున్నారు. ఇక్కడ రీబిల్డ్ ఎవరు చేస్తున్నారు? వాల్యూమ్ ఆప్టిమల్ అని రాశారు కదా, కార్డు బతికే ఉంది.

సాఫ్ట్‌వేర్ రెయిడ్ గొప్పేమిటో కూడా చెప్పండి. యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) మెషిన్‌లో బూట్ ఫైళ్లుండే చిన్న ఫ్యాట్32 పార్టిషన్ మామూలుగా మొదటి డిస్కు మీదే ఉంటుంది. ఆ డిస్కు పోయిన రోజు మీ యారే బతికున్నా మెషిన్ లేవదు. కార్డు ఉంటే మెషిన్‌ను మొదట లేపే ప్రోగ్రాము అయిన బయోస్‌కు కనిపించేది ఒక్కటే డిస్కు. లోపల ఒకటి చచ్చినా అది పట్టించుకోదు.

రెయిడ్ వైరాగి, 7:44
ఆ పార్టిషన్‌ను రెండో డిస్కులోకి కాపీ చేసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

తాతయ్యగుంట సర్వీస్, 7:47
చేసిన వాళ్లను చూపించండి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ గుర్తుపెట్టుకుని చేసేవాళ్లను.

పలమనేరు పిల్లోడు, 7:50
వాల్యూమ్ 6 టీబీ కదా. 2 టీబీ దాటితే ఎంబీఆర్ (డిస్కు భాగాలను రాసుకునే పాత తరహా పట్టిక) బూట్ కాదు. అదే అయ్యుంటుంది.

కాటా రూమ్, 7:58
నిన్నటి దాకా ఇదే సైజుతో బూట్ అయింది తమ్ముడూ, మూడేళ్ల నుంచి.

కొర్లగుంట, 8:05
ఒక్క మాట. బయోస్ సెటప్‌లో తేదీ ఎంత చూపిస్తోంది?

కాటా రూమ్, 8:16
2012 జనవరి 1. టైమ్ 00:09.

కొర్లగుంట, 8:24
దొరికింది. బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్లు ఉంటుంది, సీఆర్2032. అది చచ్చిపోయింది. కరెంటు ఉన్నన్నాళ్లూ తెలియదు. రాత్రి పూర్తిగా పోయేసరికి సెట్టింగులు ఫ్యాక్టరీ డీఫాల్ట్‌కు వెళ్లిపోయాయి. 'బూట్ మోడ్' చూడు, యూఈఎఫ్‌ఐ బదులు లెగసీ (పాత బూట్ పద్ధతి) ఉంటుంది.

పిల్లోడు చెప్పింది సగం నిజమే. ఎంబీఆర్‌లో సెక్టర్ నంబరుకు 32 బిట్లే, సెక్టర్‌కు 512 బైట్లు, అంటే 2.2 టీబీ దాకానే. అందుకే మీ వాల్యూమ్ జీపీటీలో (కొత్త తరహా పట్టికలో) ఉండాలి. లెగసీ బయోస్ డిస్కు మొదటి సెక్టర్‌లో బూట్ కోడ్ వెతుకుతుంది. యూఈఎఫ్‌ఐలో ఇన్‌స్టాల్ చేసిన జీపీటీ డిస్కులో అక్కడ ఏమీ ఉండదు, ఇది జీపీటీ డిస్కు అని చెప్పే ఉత్త కాపలా పట్టిక తప్ప. అసలు బూట్‌లోడర్ ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంది, లెగసీ అటు చూడనే చూడదు. డేటాకు ఏమీ కాలేదు. మోడ్ మార్చు. అప్పటికీ లేవకపోతే బూట్ మేనేజర్‌లో ఉబుంటు ఎంట్రీ పోయి ఉంటుంది, ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లోని ఉబుంటు ఫోల్డర్‌లో ఉన్న షిమ్‌ఎక్స్64 అనే బూట్ ఫైలును చూపించి కొత్తది కలుపు.

కాటా రూమ్, 8:33
లెగసీ అనే ఉంది సార్. కానీ మార్చనివ్వట్లేదు. సెటప్ పాస్‌వర్డ్ అడుగుతోంది. అది ఏఎంసీ (వార్షిక నిర్వహణ కాంట్రాక్టు) వాళ్ల దగ్గర ఉంది, ఫోన్ ఎత్తట్లేదు. కేసు మూత మీద స్టిక్కర్ కూడా ఉంది, తీస్తే వారంటీ లేదట.

రెయిడ్ వైరాగి, 8:36
చూశారా!

తాతయ్యగుంట సర్వీస్, 8:40
ఏం చూడాలి? ఇది సెల్లు సమస్య. సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయినా ఇలాగే ఆగేది.

రెయిడ్ వైరాగి, 8:52
ఆగేదే, ఒప్పుకుంటాను. కానీ సెల్లు ఖరీదు ఎంత? కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. దానికోసం అన్ని ట్రాక్టర్లు ఎండలో ఎందుకు నిలబడాలి? మా కాలేజీ ల్యాబ్‌లోనూ ఇదే. 2019లో సర్వర్ పెట్టినాయన పాస్‌వర్డ్ కవర్లో పెట్టి ఇస్తానన్నాడు. ఆ కవర్ ఈ రోజుకీ రాలేదు. చిన్న మార్పుకు కూడా విజిట్ ఛార్జీ. చివరికి సెలవుల్లో నేనే బోర్డు మీది జంపర్ (పిన్నులను కలిపే చిన్న క్లిప్పు) మార్చి పాస్‌వర్డ్ తీసేస్తే, 'మీ స్టాఫ్ చెయ్యి పెట్టారు' అని ఏఎంసీ రద్దు చేశారు. ప్రిన్సిపాల్ ముందు నేను నిలబడ్డాను. ఆయన నిలబడలేదు.

మదనపల్లె మబ్బు, 8:55
అదీ అసలు కథ.

తాతయ్యగుంట సర్వీస్, 9:10
నా కథ కూడా వినండి. తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్‌కు పాస్‌వర్డులన్నీ రాసి ఇచ్చాను. డిస్కు ట్రే వదులైతే వాళ్ల కుర్రాడు తీసి మళ్లీ తోశాడు. కార్డు 'ఫారిన్' అంది. ఇంపోర్ట్ కొట్టాల్సింది క్లియర్ కొట్టాడు. అక్కడితో ఆగినా ఏదో చేసేవాళ్లం, ఎందుకంటే క్లియర్ చెరిపేది కాన్ఫిగరేషన్‌నే, డేటాను కాదు. వాడు ఉన్న డిస్కులన్నిటితో కొత్త వాల్యూమ్ చేసి ఫుల్ ఇనిషియలైజ్ పెట్టి టీ తాగడానికి వెళ్లాడు. ఫీజుల రిజిస్టర్ మొత్తం పోయింది. తిట్లు ఎవరికి? నాకు. ఎనిమిది నెలల బిల్లు ఆపేశారు. ఆ తర్వాత ఎవరికీ ఇవ్వడం మానేశాను. మీకు కార్డు మీద కోపం లేదు వైరాగిగారూ, మా మీద ఉంది. అది సూటిగా రాస్తే సరిపోయేది, మధ్యలో ఆ 12.5 టీబీ లెక్క ఎందుకు?

రెయిడ్ వైరాగి, 9:18
లెక్క లెక్కే. కానీ అవును, మీ మీదే. యంత్రం మాది, తాళం మీదా?

తాతయ్యగుంట సర్వీస్, 9:21
తాళం మీదైతే తప్పు కూడా మీదే అని కాగితం మీద రాసివ్వండి. ఈ రోజే ఇస్తాను. ఇంతవరకు ఒక్క యజమానీ సంతకం పెట్టలేదు.

కొర్లగుంట, 9:25
మీ ఇద్దరూ తర్వాత కొట్టుకోండి. కాటా రూమ్, జంపర్ సంగతి నీ అంతట నువ్వు చేయొద్దు. నీ ఉద్యోగం మీదకు వస్తుంది. మేనేజర్‌తో వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా చెప్పించుకో.

కాటా రూమ్, 11:40
మేనేజర్ మెసేజ్ పెట్టాడు. స్టిక్కర్ కోసి మూత తీశాం. మూత లోపలి బొమ్మలో పాస్‌వర్డ్ జంపర్ ఎక్కడుందో వేసి ఉంది. సెల్లు మార్చాం. పాతదాన్ని మీటర్‌తో చూస్తే 1.1 వోల్టులు, ఉండాల్సింది 3. యూఈఎఫ్‌ఐకి మార్చాక కూడా లేవలేదు, కొర్లగుంట సార్ చెప్పినట్టు షిమ్ ఫైలు చూపిస్తే లేచింది. కాటా నడుస్తోంది.

ఇప్పుడు ఏఎంసీ ఆయన ఫోన్ చేశాడు. స్టిక్కర్ ఎవరు తీశారని అడుగుతున్నాడు.

రెయిడ్ వైరాగి, 11:43
మేనేజర్ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. కొత్త పాస్‌వర్డ్ పెట్టావా?

తాతయ్యగుంట సర్వీస్, 11:46
పెడితే ఆయనకూ ఒకటి ఇవ్వు.

పలమనేరు పిల్లోడు, 11:52
అన్నా, మీ దగ్గర ఈ రోజు తోతాపురి టన్ను ఎంత?