మసాచుసెట్స్‌లో పెరట్లో డెక్ (చెక్క అరుగు) కట్టాలంటే కన్జర్వేషన్ కమిషన్‌కి (చిత్తడి నేలల్ని కాపాడే ఊరి కమిటీకి) చెప్పాలా?

బోస్టన్‌కి పడమర వైపు ఇల్లు కొన్నాం. పెరటి చివర చిత్తడి నేల ఉంది, మంచు కరిగితే నీళ్లు నిలుస్తాయి. కాంట్రాక్టరేమో "ఎవరూ చూడరు, కానిచ్చేద్దాం" అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరైనా ఈ పని చేయించారా అండీ?

జవాబు 1:
ఆయన మాట వినకండి. చిత్తడి అంచు నుంచి 100 అడుగుల లోపు తవ్వాలన్నా, చెట్లు కొట్టాలన్నా ముందు కమిషన్‌ని అడగాలి. ఏడాదంతా పారే ఏరుంటే చాలా ఊళ్లలో 200 అడుగులు. అసలు మీ పని చిత్తడి నేలల రక్షణ చట్టం కిందికి వస్తుందా అని అడిగే చిన్న దరఖాస్తు ఒకటుంది, ముందు అది పెట్టండి.

జవాబు 2:
మేం షెడ్డు కట్టేటప్పుడు కమిషన్ తరఫున ఒకావిడ బూట్లేసుకుని వచ్చి, మట్టి తోడి అరచేతిలో పెట్టి చూపించింది. బూడిదరంగు మట్టిలో తుప్పు చారలు, అంటే నీళ్లు చాలాకాలం నిలిచే చోటన్నమాట. షెడ్డు కాస్త వెనక్కి జరపమన్నారు, మట్టి కొట్టుకుపోకుండా గడ్డి చుట్టలు వేయించారు, అంతే. కమిషన్ ఆర్డర్ (షరతులతో ఇచ్చే అనుమతి) వచ్చాక పని మొదలుపెట్టే ముందే దాన్ని రిజిస్ట్రీలో (ఆస్తి పత్రాలు నమోదు చేసే ఆఫీసులో) నమోదు చేయించండి. పని అయ్యాక షరతుల ప్రకారమే చేశారని ఇచ్చే కంప్లయన్స్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి, లేకపోతే ఇల్లు అమ్మేటప్పుడు ఇబ్బంది.

జవాబు 3:
కమిషన్ వాళ్లని శత్రువుల్లా చూడకండి, దాదాపు అందరూ జీతం లేకుండా చేసే ఊరివాళ్లే. 1957 నుంచీ ఉన్న ఏర్పాటిది. వసంతంలో తొలి వెచ్చటి వాన కురిసిన రాత్రి టార్చి తీసుకుని మీ పెరటి చివరికి వెళ్లి చూడండి, గుడ్లు పెట్టడానికి కప్పలు వస్తాయేమో.