కరాటేకి పంపితే పిల్లలకి బుద్ధొస్తుందా?

గంటస్తంభం: మావాడికి పదకొండేళ్లు. క్రమశిక్షణ అలవడుతుందని ఇక్కడ విజయనగరంలోనే కరాటేలో చేర్పించాను. పోయిన నెల పసుపు బెల్టొచ్చింది. మొన్న ఆదివారం అదే కట్టుకుని వీధిలోకెళ్లి, ఎదురింటి చిన్నోడి కాలు తన్ని పడేశాడు. ఇదేంట్రా అంటే "ప్రాక్టీసు" అంటాడు. మాన్పించేయమంటారా?

నాగావళి గట్టు: శ్రీకాకుళంలో చాన్నాళ్లుగా పిల్లలకి నేర్పుతున్నాను. మాన్పించకండి. ఒకినావా నుంచి కరాటేని జపాన్‌కి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఫునాకోషి. ఆయన 20 సూత్రాల్లో మొదటిది నమస్కారం గురించి, రెండోది కరాటేలో మొదటి దెబ్బ మనది కాదని. పిల్లలు మొదట నేర్చుకునే హెయాన్ షోదాన్ కటా (వరస తప్పకుండా చేసే కదలికల పాఠం) కూడా అడ్డుకోవడంతోనే మొదలవుతుంది.

మూడు లాంతర్లు: సూత్రాలు గోడ మీద బాగుంటాయి సార్. నాకు నేర్పిన మాస్టారు, పేరెందుకులెండి, ఆలస్యమైతే బెల్టుతో బాదేవాడు. మేం నేర్చుకున్నదల్లా పెద్దోడికి వంగడం, ఆ కసి చిన్నోడి మీద తీర్చుకోవడం. పైగా బెల్టు బెల్టుకీ ఫీజు!

పాత తాలింఖానా: బాబూ, మాది వీరఘట్టం. కోడి రామమూర్తినాయుడిగారి కతలు ఇంటూ పెరిగినోళ్లం. గుండెల మీద ఏనుగునెక్కించుకున్నందుకు కలియుగ భీముడన్నారు, అది బలానికిచ్చిన బిరుదు. బుద్ధి సంగతి వేరు. కర్రసాములో మా గురువు ముందు నేర్పింది ఆపడం. కర్ర ఎదుటోడి నుదుటి దాకా తెచ్చి బెత్తెడు దూరంలో ఆపాల. తగిలిందా, కొట్టినోడే సాయంత్రం ఆలింటికెల్లి నూనె రాయాల. నేను రెండుసార్లు రాసినాను. రాస్తున్నంతసేపూ ఆలమ్మ సూసిన సూపు ఇప్పటికీ మర్సిపోలేదు.

నాగావళి గట్టు: ఫీజుల మాట ఒప్పుకుంటాను, కొందరికి అదే వ్యాపారం. ఈ నూనె సంగతి మాత్రం మా క్లాసులో పెట్టేస్తాను.

మూడు లాంతర్లు: అయితే బుద్ధి నేర్పింది ఆలమ్మ చూపు. కర్రసామెందుకు మధ్యలో?

పాత తాలింఖానా: కర్ర పట్టకపోతే నన్నా ఇంటికి ఎవుడు పంపుతాడు బాబూ?

మూడు లాంతర్లు: క్రికెట్ బంతి తగిలినా పంపొచ్చు కదా తాతా. పంపే పెద్దోడు కావాలి, అంతే.

గంటస్తంభం: నిన్న సాయంత్రం ఎదురింటికి తీసుకెళ్లాను. మావాడు గుమ్మంలోనే ఆగి, క్లాసులోలా నడుం వంచి నమస్కారం పెట్టాడు. వాళ్లమ్మకి నవ్వాగలేదు. మోకాలికి కొబ్బరినూనె రాశాడు, సగం చాప మీదే ఒలికింది. బెల్టు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాను. సోమవారం క్లాసుంది, ఇవ్వాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.