విట్బీ ఫోటోల రోజు: నల్ల నగలు ఎవరు ఏవి చేస్తారు?

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. ఇప్పటికి 26 మంది పేర్లు వచ్చాయి. పొద్దున్నే లీడ్స్ నుంచి బస్సు, మధ్యాహ్నం ఇంగ్లండ్ సముద్రతీరంలోని విట్బీ ఊరి కొండ మీద మఠం శిథిలాల దగ్గర గోథిక్ వేషాల్లో, అంటే పాతకాలపు విషాద ఛాయల నల్ల అలంకరణలో ఫోటోలు. దుస్తులు ఎవరి బీరువాలోని నల్లవి వారివే. మెడపట్టీలు, చేతి తొడుగులు, కిరీటాలు, కొవ్వొత్తులు మనమే చేసుకుందాం. మనిషికి ఐదు పౌండ్లు దాటకూడదు. 1994 నుంచి ఇలాంటి వేషాలవాళ్లు కలిసే ‘గోథ్ వారాంతాలు’ జరుగుతున్న ఊరది, మనల్ని ఎవరూ వింతగా చూడరు. ఎవరు ఏ పని తీసుకుంటారో రాయండి.

కుట్టుపని బృందం:
మెడపట్టీలు, తొడుగులు నాకు వదిలేయండి. అంగుళం వెడల్పు నల్ల లేసును మెడ కొలత కంటే కాస్త తక్కువగా కోసి, వెనక రిబ్బను ముడి పెడితే ఎవరికైనా సరిపోతుంది. ముందు వేలాడదీయడానికి ఏమీ కొననక్కరలేదు. జత తప్పిన జుంకా లేని ఇల్లు ఉందా? బంగారు పూతది అయితే నల్ల రంగు వేసి, పూర్తిగా ఆరకముందే ఎత్తైన చోట్ల గుడ్డతో తుడుస్తాను. పల్లాల్లో నలుపు నిలిచి, పాత పెట్టెలోంచి తీసినట్టు ఉంటుంది. చిరిగిన నల్ల టైట్స్ పారేయకండి. పాదం కత్తిరించి, బొటనవేలికి కన్నం చేస్తే మోచేతి దాకా తొడుగు. కన్నం మాత్రం చాలా చిన్నగా, సాగుతుంది.

పెద్దల బృందం:
కార్తీకమాసంలో అందరూ నల్లవి కట్టుకుని, సమాధుల పక్కన ఫోటోలా అమ్మాయిలూ?

సమన్వయకర్త:
పిన్నిగారూ, సమాధుల మీద ఎవరూ కూర్చోరు, ఆనుకోరు. సమాధులున్న పక్క చర్చి ఆవరణలో అసలు ఫోటోలే వద్దు. ఇక నలుపంటారా, ఆ ఊరికి అన్నం పెట్టింది నలుపే. అక్కడి కొండచరియల్లో దొరికే జెట్ అనే నగల నల్లరాయి నిజానికి రాయి కాదు, దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటి చెట్ల కలప శిలాజంగా మారింది. చేతిలో పెట్టుకుంటే రాయిలా చల్లగా ఉండదు, బరువూ ఉండదు. 1861 డిసెంబరులో భర్త ఆల్బర్ట్ చనిపోయాక విక్టోరియా రాణి తుదిదాకా నలుపు వదలలేదు. ఆమెను చూసి దేశంలో సంతాప నగలకు గిరాకీ పెరిగింది, విట్బీ పనివారికి చేతినిండా పని దొరికింది. జెట్ కొనలేనివారు నల్ల గాజు పూసలు వేసుకునేవారు, వాటికి ‘ఫ్రెంచ్ జెట్’ అని గొప్ప పేరు కూడా. మన చవక నగలు ఆ వంశంవే!

పెద్దల బృందం:
సరే. నా నల్లపూసల జోలికి మాత్రం రాకండి. పాత గాజులకు నల్ల ఊలు నేను చుట్టిస్తాను.

కిరీటాల బృందం:
నా పరువు పోయిన కథ చెప్పాలి. తెల్ల జిగురులో కొంచెం నీళ్లు కలిపి లేసు ముంచాను, ప్లాస్టిక్ కాగితం చుట్టిన సీసా మీద పరిచి ఆరబెట్టాను. మర్నాటికి కిరీటం గట్టిగా నిలబడింది. నల్ల రంగు వేసి, కిందటి ఆదివారం అదే పెట్టుకుని విట్బీలో 199 మెట్లూ ఎక్కాను. పైకి చేరేసరికి సముద్రం మీదనుంచి పొగమంచు కమ్మింది. కిరీటం పులుసులో పడ్డ అప్పడంలా నుదుటి మీదకు వాలిపోయింది. ఆ జిగురు ఆరినా, తడి తగిలితే మెత్తబడుతుందని అప్పుడు తెలిసింది. ఈసారి లోపల సన్నని తీగ, పైన మెరుపులేని వార్నిష్ రెండు పూతలు. పిల్లలకు లేసు వద్దు: తలపట్టీకి నల్ల కేబుల్ టైలు (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు) వరుసగా నిలువునా బిగిస్తే కిరణాల్లా నిలుస్తాయి. కొసలు గుచ్చుకుంటాయి కాబట్టి ఒక్కోదానికి ఒక పూస అంటిస్తాను.

ఫోటోల బృందం:
అక్కా, అన్నీ ఒకే నలుపు అయితే ఫోటోలో నగ, రవిక కలిసి ఒకే మచ్చగా కనిపిస్తాయి. మెరిసే బట్ట మీద మెరుపులేని నగ, ముతక బట్ట మీద మెరిసే పూసలు పెట్టండి. దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచులకు వెండి రంగు రుద్దితే పనితనం కనబడుతుంది. ఫోనులో తీసేవారు వెలుతురు కొంచెం తగ్గించండి, లేకపోతే నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. కొవ్వొత్తులు నేను చేస్తాను: టిష్యూ చుట్టల లోపలి అట్ట గొట్టాలకు గ్లూ గన్‌తో (వేడి జిగురు పోసే పరికరం) మైనం కారినట్టు చారలు పోసి, మీగడ రంగు వేసి, పైన బ్యాటరీ దీపం. నిజమైన మంట వద్దు, ఆ గాలికి నిలవదు కూడా.

సమన్వయకర్త:
శనివారం సాయంత్రం నాలుగింటికి మా గ్యారేజీలో కూర్చుందాం. గ్లూ గన్లు రెండే ఉన్నాయి, ఇంకొకటి ఎవరైనా తేవాలి. టీ, పకోడీలు నావి. జత తప్పిన జుంకాలే తెండి. జతగా ఉన్నవి తెచ్చి, రంగు వేశాక రెండోది ఏదని నన్ను అడగకండి.