పాత దస్తావేజులు ఏఐతో చదివిస్తున్నా, ఎంతవరకు నమ్మొచ్చు?

పేట_రైటరు:
అందరికీ నమస్కారం. జగ్గయ్యపేటలో దస్తావేజులు రాస్తుంటాను. మా నాన్నదీ ఇదే పని. ఆయన కలంతో రాశాడు, నేను కీబోర్డుతో. పోయిన దసరాకి మా అబ్బాయి ఇంటికొచ్చి నా ఫోన్లో ఏఐ పెట్టిచ్చాడు. అప్పట్నుంచి వాడుతున్నా.

అబద్ధమెందుకు, హాయిగానే ఉంది. ఎనిమిది పేజీల లింకు దస్తావేజు (అదే ఆస్తికి ముందు జరిగిన అమ్మకాల కాగితం) ఫొటో తీసిస్తే ఎవరు ఎవరికి అమ్మారో, సర్వే నంబరేమిటో కాఫీ చల్లారేలోపు చెప్తుంది. జీపీఏ (తమ తరఫున ఆస్తి పనులు చూసే అధికారం ఇచ్చే కాగితం) పనుల మీద అమెరికా వాళ్లకి ఇంగ్లీషులో మెయిలు పెట్టాలంటే ఇదివరకు పక్క షాపు కుర్రాణ్ణి బతిమాలేవాణ్ణి. ఇప్పుడు ఆ బాధ లేదు.

అసలు సంగతి పోయిన నెల జరిగింది. కోదాడ వైపు రైతు ఒకాయన బయానా అగ్రిమెంటు (అడ్వాన్సు ఇచ్చి కుదుర్చుకునే అమ్మకం ఒప్పందం) రాయించుకోడానికి వచ్చాడు. కాగితంలో భూమి 1-20 అని ఉంది. వాళ్ల లెక్కలో అది ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. మా వైపైతే 1.20 అంటే ఎకరం ఇరవై సెంట్లు. ఏఐ కూడా అచ్చం మా పేటవాడిలాగే చదివింది! గజాలెన్నో చెప్పమంటే 1.20ని 4840తో గుణించి 5808 అని చేతిలో పెట్టింది. ఆ రోజు ముహూర్తాల రద్దీ, నేనూ అలాగే కొట్టేశా. చదివి వినిపిస్తుంటే ఆయనే ఆపాడు: "సారూ, ఎకరంనర గదా, మిగిలింది యాడికి పోయింది?" 7260 గజాలు ఉండాలి. తేడా 1452. నాకు చెమటలు పట్టాయి. ఏఐని నిలదీస్తే "క్షమించండి, మీరు చెప్పిందే సరైనది" అంది. దాని క్షమాపణ నేనేం చేసుకోను? కాగితం కింద రైటరని ఉండేది నా పేరు.

ఇంకో జబ్బు, పేర్లు బాగుచేస్తుంది. సుబ్బాయమ్మని సుబ్బమ్మ చేసి పెట్టింది. ఎవరడిగారు?

ఈ పనిలో ఉన్నవాళ్లు దేనికి వాడుతున్నారు, దేనికి వాడటంలేదు? కాస్త చెప్పండి.

గొలుసు_లింకు:
రైటరు గారూ, సర్వే డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యానండి. దాన్ని తిట్టి లాభం లేదు, మన కొలతలే అలా ఏడిశాయి. గుంట అంటే 33 అడుగులకు 33, అంటే 121 గజాలు. సెంటు 48.4 గజాలు. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు పోతే అదే అంకణం 36. అంకణం రేటు విని బోల్తాపడ్డ మనుషుల్నే చూశాను. అడిగేముందు ఏ ఊరో చెప్పండి. "ఎకరం ఇరవై గుంటలు" అని అక్షరాల్లో రాయండి. ఇక గుణకారానికి ఏఐ ఎందుకండీ, బల్ల మీద కాలిక్యులేటరు లేదా?

నల్లకోటు_హన్మకొండ:
నేను సివిల్ కేసులు చూస్తాను. ముసాయిదా రాయమని దాన్ని అడగను. ఉన్న ముసాయిదా ఇచ్చి "ఇందులో ఏం లోపించింది" అని అడుగుతాను. ఒకసారి తూర్పు హద్దు రెండు చోట్ల రెండు రకాలుగా ఉందని పట్టుకుంది. నేను నాలుగుసార్లు చదివీ చూడలేదు.

చట్టం దగ్గర మాత్రం జాగ్రత్త. ఆడపిల్లల వాటా గురించి అడిగితే హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన 2005 సవరణ గడగడా చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కుందన్న ముక్క చెప్పలేదు. నేనే గుర్తుచేయాల్సి వచ్చింది. మన దగ్గర పాత పంపకాల కేసులు సగం ఆ తేదీ చుట్టూనే తిరుగుతాయి కదా.

ఇంకోమాట, రైటరు గారూ. ఆ ఫొటోల్లో ఆధార్ నంబర్లు, వేలిముద్రలు కూడా పోతున్నాయా? కొత్త దస్తావేజులైతే ఆ పేజీలు ఇవ్వకండి. పేర్ల బదులు అమ్మేవారు, కొనేవారు అని పెట్టినా పని జరుగుతుంది.

డీటీపీ_పిల్ల:
అంకుల్, పేర్లు మార్చకుండా ఉండాలంటే నేనిలా అడుగుతాను: "ఉన్నది ఉన్నట్టు ఎక్కించు. తప్పనిపించినా దిద్దొద్దు. అర్థం కానిచోట చుక్కలు పెట్టు." చుక్కలు పెట్టమని చెప్పకపోతే ఖాళీ ఉంచడం దానికి చేతకాదు, ఏదో ఒకటి నింపేస్తుంది. చెప్పినా ఒక్కోసారి వినదు, పక్కన పెట్టి సరిచూసుకోవాల్సిందే.

పేట_రైటరు:
అందరికీ థాంక్స్. లాయరు గారూ, ఆధార్ సంగతి నాకు తట్టనేలేదు. నిన్నటిదాకా అన్నీ పంపాను. ఈరోజు నుంచి బంద్.

డీటీపీ అమ్మాయి చెప్పినట్టు ఒక పాత దస్తావేజు మీద చేసి చూశా. 1954 నాటిది, మా నాన్న చేతిరాత. ఇదే కాగితం పోయినవారం ఇస్తే, పైన "జయ నామ సంవత్సర" అని ఉంది కదా అని 2014 అంది. పక్కనే ఫసలీ 1364 (శిస్తు లెక్కల సంవత్సరం, అంటే 1954-55) అని కొట్టొచ్చినట్టు ఉంది. వెల రూ. 350-8-0 అంటే మూడువందల యాభై రూపాయల ఎనిమిదణాలు, దాన్ని 350.80 చేసింది. ఈసారి బుద్ధిగా ఎక్కించింది, ఏడు చోట్ల చుక్కలు పెట్టింది.

ఆరు నేనే నింపాను. "దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో" అన్నది నాన్న ఎప్పుడూ ఒకే మెలికగా లాగేసేవాడు, అది నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది? ఏడోది పడమటి హద్దులో మనిషి పేరు. భూతద్దం పెట్టినా అంతుపట్టలేదు. రేపు రిజిస్ట్రారాఫీసులో నకలుకి దరఖాస్తు పెడుతున్నా. అది వచ్చేదాకా ఆ చుక్కలు అలాగే ఉంటాయి.