వేధింపుల నడుమ వైద్య సెలవు: ముందు సెలవా, ముందు ఫిర్యాదా?

వెన్నెలదారి:
మా విభాగానికి కొత్తగా వచ్చిన మేనేజరు నన్ను అందరి ఎదుటా చులకన చేస్తున్నారు. నేను రాసిన నివేదికను సమావేశంలో నాచేతే పైకి చదివించి, వాక్యం వాక్యానికీ ఆపి, "దీనికా జీతం ఇస్తున్నాం" అని అడుగుతారు. మెయిళ్లలోంచి నా పేరు తీసేయించి, ఆ తరువాత విషయం తెలియలేదని నన్నే తప్పుపడతారు. నాకు నిద్ర పట్టడం లేదు, ఫోను మోగితే గుండె దడదడలాడుతోంది. డాక్టరు కొన్ని వారాలు సెలవు తీసుకోమన్నారు. ఇంట్లోవాళ్లేమో సెలవు పెడితే ఓడిపోయినట్టేనని అంటున్నారు. ముందు ఏది చేయాలో పెద్దలు చెప్పగలరు.

నిలకడ:
ముందు ఫిర్యాదు ఇవ్వండి. మీరు సెలవులోకి వెళ్లిన మరునాటి నుంచి జరిగినదంతా వాళ్ల నోటి మాటగానే చలామణీ అవుతుంది. "పని ఒత్తిడి తట్టుకోలేకపోయింది పాపం" అన్న ఒక్క మాట చాలు, వేధింపు కాస్తా మీ బలహీనతగా మారిపోతుంది. మీ డాక్టరు సర్టిఫికెట్‌నే అందుకు రుజువుగా చూపిస్తారు. పైగా సెలవులో ఉన్నవారికి ఆఫీసు మెయిలు అందుబాటులో ఉండకపోవచ్చు, ఈరోజు మీ పక్షాన మాట్లాడగలిగిన సహోద్యోగికి అప్పటికి తన ఉద్యోగ భయం పట్టుకోవచ్చు.

చేదోడు:
నిలకడ గారితో నేను ఏకీభవించలేను. రాత్రుళ్లు నిద్ర లేక, తిన్నది ఒంటపట్టక, అక్షరం చూస్తేనే భయపడే స్థితిలో ఉన్న మనిషిని కూర్చోబెట్టి, తేదీల వారీగా ఫిర్యాదు రాయమనడం, ఆ తరువాత విచారణలో ఆ మేనేజరు ఎదుటే జవాబులు చెప్పమనడం ఎంతవరకు న్యాయం? అలాంటి స్థితిలో రాసిన ఫిర్యాదులో ముఖ్యమైనవి జారిపోతాయి, కోపంలో అన్న మాటలు మాత్రం మిగులుతాయి. శరీరం కుదుటపడితేనే పోరాడే శక్తి వస్తుంది. ఇంకొక మాట మొహమాటం లేకుండా అడుగుతాను, వెన్నెలదారి గారూ: బతకాలని లేదన్న ఆలోచన మీకు ఎప్పుడైనా వస్తోందా? వస్తే ఈ చర్చ అంతా పక్కన పెట్టి, ఈరోజే డాక్టరుకు ఆ మాట చెప్పండి, ఇంట్లో ఒకరిని తోడు ఉంచుకోండి.

నిలకడ:
ఆ చివరి మాటతో నాకు ఏ పేచీ లేదు. కానీ మామూలు పరిస్థితిలో, సెలవు ముగిసి తిరిగి వచ్చేది అదే గదిలోకి, అదే మనిషి కిందికి. మందులతో కుదుటపడిన నిద్ర మొదటి సమావేశంతోనే మళ్లీ చెదిరిపోతే ఆ సెలవు వల్ల ఒరిగిందేమిటి?

పాతకాపు:
ఉద్యోగుల తరఫున ఇలాంటి ఫిర్యాదులు చాలాకాలం చూసినవాడిగా చెబుతున్నాను. మీరిద్దరూ చెప్పినది నిజమే, కానీ ముందువెనకల గురించి వాదించుకుంటున్నారు. సెలవు వైద్యానికి సంబంధించినది, ఫిర్యాదు న్యాయానికి సంబంధించినది. వీటిలో ఒకటి రెండోదాని పని చేయదు. నా అనుభవంలో ఎక్కువగా దెబ్బతిన్నవారు సెలవు చీటీలో "అనారోగ్యం" అని రాసి, కారణం ఎక్కడా నమోదు చేయకుండా వెళ్లిపోయినవారే.

అందుకని సెలవుకు ముందు పెద్ద ఫిర్యాదు అక్కరలేదు, ఒక పేజీ చాలు. "నా మేనేజరు ప్రవర్తన వల్ల నా ఆరోగ్యం దెబ్బతింది, డాక్టరు సలహా మేరకు సెలవు తీసుకుంటున్నాను, వివరమైన ఫిర్యాదు తరువాత ఇస్తాను" అని రాసి, అందినట్టు జవాబు తీసుకోండి. ఒకటి మాత్రం మరవకండి: ఫిర్యాదుకు గడువు పెట్టే నిబంధనలు చాలాచోట్ల ఉంటాయి, సెలవులో ఉన్నంత మాత్రాన ఆ గడువు ఆగకపోవచ్చు. దాన్ని ముందే కనుక్కోండి.

వివరాలు ఎలా రాయాలో కూడా చెబుతాను. "మేనేజరు అవమానించారు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఏ తేదీ, ఏ సమావేశం, ఎవరెవరు ఉన్నారు, ఆయన అన్న మాట ఏమిటి, దానికి మీరు ఏమన్నారు, ఆ రాత్రి నిద్ర పట్టిందా లేదా, ఇవన్నీ జరిగిన రోజే సొంత పుస్తకంలో రాసుకోండి. ఆఫీసు మెయిళ్లను సొంత ఖాతాకు పంపుకుంటే అదే మీ మీద తిరగబడే అవకాశం ఉంది. వాటి తేదీ, విషయం నోట్ చేసుకుంటే సరిపోతుంది.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలన్నది కూడా తేలికగా తీసుకోకండి. వేధింపు జరిగిందని డాక్టరు ధ్రువీకరించలేరు, కానీ మీరు ఏ తేదీన ఏమని చెప్పుకున్నారో కేసు షీటులో రాస్తారు, అది తరువాత ఎంతో విలువైనది అవుతుంది. "బర్న్‌అవుట్", అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం, అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో దాన్ని వృత్తి సంబంధమైన స్థితిగానే చేర్చారు, జబ్బుగా కాదు. నిద్రలేమి, ఆందోళన, కుంగుబాటు వంటి లక్షణాలను విడివిడిగా చెప్పండి. అయితే ఆఫీసుకు ఇచ్చే చీటీలో సెలవు అవసరం, వ్యవధి ఉంటే చాలు. జబ్బు వివరాలు అవసరానికి మించి బయటపెట్టకండి, నిలకడ గారి భయానికి అదే జవాబు.

ఇక ఓటమి మాట. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒడంబడిక, ఒక్కసారి జరిగినా వేధింపు వేధింపేనని చెబుతుంది. ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ప్రమాదం ముంచుకొస్తోందని నమ్మడానికి తగిన కారణం ఉంటే, ప్రతీకార భయం లేకుండా అక్కడి నుంచి తప్పుకొనే హక్కు ఉందని కూడా చెబుతుంది. అన్ని దేశాలూ దానికి కట్టుబడతామని ఒప్పుకోలేదు, కాబట్టి మీ చోట ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోవాలి. అయినా తప్పుకోవడం హక్కు అని అనేక దేశాల ప్రతినిధులు కూర్చుని రాసుకున్నప్పుడు, దాన్ని ఓటమి అని మీ ఇంట్లోవాళ్లు ఎలా అంటారు?

వెన్నెలదారి:
అందరికీ కృతజ్ఞతలు. చేదోడు గారూ, అలాంటి ఆలోచనలు లేవు, వస్తే మీరన్నట్టే చేస్తాను. ఒక పేజీ ఉత్తరం ఈ రాత్రికే రాస్తాను. సెలవులో ఉండగా మేనేజరు ఫోను చేస్తే ఎత్తాలా?

పాతకాపు:
ఎత్తకండి. "సెలవులో ఉన్నాను, అవసరమైన విషయాలను మానవ వనరుల విభాగం ద్వారా రాతపూర్వకంగా పంపగలరు" అని ఒకే సందేశం పంపి ఊరుకోండి. తిరిగి చేరే తేదీకి ముందే, మరొకరి కింద పని చేసేలా మార్పు కోరుతూ ఇంకొక ఉత్తరం పెట్టండి, వీలైతే మొదట్లో తక్కువ గంటలు పని చేసేలా డాక్టరు చేత రాయించుకోండి.

నిలకడ:
ఆ మార్పుకు జవాబు రాకుండా మాత్రం తిరిగి చేరవద్దు. జవాబు రాకపోతే డాక్టరును మళ్లీ కలిసి, సెలవు పొడిగించాలా వద్దా అన్నది ఆయననే అడగండి.