పాత మియాటా, కొత్త మియాటా: రెండూ నడిపినవాళ్లు చెప్పండి

మలుపుదారి:
మాజ్దా వాళ్ల రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు మియాటా, అంటే ఎంఎక్స్-5 కొనాలనుంది. 1989లో వచ్చిన మొదటి తరం కొనాలా, 2015లో వచ్చిన నాలుగో తరమా? హార్స్‌పవర్ లెక్కలన్నీ చదివేశాను. నడిపినవాళ్ల మాట కావాలి.

పాతబండి:
నా దగ్గర మొదటి తరం 1.6 లీటర్ల బండి పన్నెండేళ్లుగా ఉంది. పవర్ స్టీరింగ్ లేదు. పార్కింగ్‌లో భుజాలు లాగేస్తాయి. కాస్త వేగం అందుకుంటే మాత్రం ముందు టైరు గులకరాయి ఎక్కినా అరచేతికి తెలుస్తుంది. మలుపులో పట్టు తప్పబోతుంటే స్టీరింగ్ తేలికైపోతుంది, ఆ క్షణంలోనే సర్దుకోవచ్చు. ఉన్నది 115 హార్స్‌పవరే, బరువు టన్నుకు లోపే. ఆ ఆనందం వేరు.

గేర్‌లివర్:
పాతబండి గారూ, స్టీరింగ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కొత్తదాని ఎలక్ట్రిక్ స్టీరింగ్ అంతగా మాట్లాడదు. కానీ 2 లీటర్ల, 184 హార్స్‌పవర్ ఇంజన్‌ని ఒక్కసారి 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాకా లాగి చూడండి! నేను మొదటిసారి నడిపినప్పుడు మలుపులో బండి పక్కకు వాలుతుంటే టెన్షన్ పడ్డాను. వాలాక కుదురుకుంటుంది, అక్కడి నుంచి యాక్సిలరేటర్ నమ్మకంగా తొక్కొచ్చు. ఇన్ని సేఫ్టీ పరికరాలు చేర్చి కూడా బరువుని టన్ను దగ్గరే ఆపారు. పొడవు పాతదానికంటే తక్కువ! అందుకే ఆ ఇంజనీర్లంటే నాకు గౌరవం.

మలుపుదారి:
రోజూ ఆఫీసుకి ఇదే బండి. వానలో కూడా.

వానచుక్క:
అయితే కొత్తదే తీసుకోండి. ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు) లేని పాత బండిలో తడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ తొక్కాను. ముందు చక్రాలు బిగుసుకుపోయాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే జారింది. ఆ రెండు సెకన్లు ఇప్పటికీ గుర్తే. పైకప్పు సంగతీ అంతే. కొత్తదాన్ని సీట్లో కూర్చునే ఒంటిచేత్తో వెనక్కి మడిచేయొచ్చు. పాతదాంట్లో మడిచేముందు వెనకవైపు ప్లాస్టిక్ కిటికీ జిప్ తీయాలి, మర్చిపోతే మడతపడి గీతలొస్తాయి.

పాతబండి:
రోజూ వానలో అంటే నేనూ కొత్తదే అంటాను. మనసు పాతదాని మీదే ఉంటే కొనేముందు ఒక పని చేయండి. సీట్ల వెనక రెండు మూలల్లో నీళ్లు దిగే గొట్టాలుంటాయి. ఆకులు అడ్డుపడితే నీళ్లు తలుపుల కింది రేకులోకి చేరి లోపల్నుంచి తుప్పు పట్టిస్తాయి. నేను వాటిని శుభ్రం చేయలేదు. పైకి రంగు మెరుస్తూనే ఉంది, వేలితో నొక్కితే రేకు కరకరమని లోపలికి పోయింది. ఒక్కో మూలలో గ్లాసుడు నీళ్లు పోసి చూడండి. వెనక చక్రాల ముందు ధారగా కారాలి.